మళ్లీ జోకించిన మూడు బస్తాలు

పసుపు కొమ్మును నేను చూసి కొనను, విరిచి కొంటాను. విరిస్తే టక్కుమనాలి. చప్పుడు లేకుండా వంగిందంటే తడి ఆరలేదని లెక్క. క్వింటాలుకు ఎంత తగ్గించాలో అప్పటికే నా నోట్లో ఉంటుంది. ఆర్మూరులో ముప్పై నాలుగేండ్లుగా పసుపు కొనే అడ్తి దుకాణం నడుపుతున్నాను. ఇన్నేండ్లలో లోపల చూడకుండా తీర్పు చెప్పింది ఒక్కదానికే. అది పసుపు కాదు, కంప్యూటర్.

ముందు మహమూద్ గురించి చెప్పాలి. మా దుకాణంలో కాంటా అతనిది. నేను దుకాణం తెరిచిన మూడో ఏడు వచ్చాడు. అప్పుడు ఇనుప రాళ్ల కాంటా, ఇప్పుడు కరెంటు కాంటా. కరెంటు కాంటా అయితే ఇక మనిషితో పనేముంది అంటారు గానీ, బస్తా పెట్టగానే అంకె ఊగుతుంది. ఊగే అంకెను రాస్తే పావుకిలో రైతుదో నాదో పోతుంది. మహమూద్ అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. నిలిచాక చిట్టీ మీద బరువు రాసి పక్కన ఒక గీత గీసేవాడు. ఒక గీత అంటే ఒకసారి జోకినట్టు, తూకం వేసినట్టు. రైతుకు అనుమానమొచ్చి మళ్లీ జోకమంటే రెండో గీత పడుతుంది. వేరే అడ్తుల్లో రెండు గీతల చిట్టీలు రోజుకు పది చూస్తాను. మహమూద్ చేతి నుంచి రెండు గీతల చిట్టీ ఒక్కటీ రాలేదు. అంకాపూర్ రైతులు లెక్కల్లో గట్టివాళ్లు, వాళ్లు కూడా అడగలేదు. ఆ నమ్మకం ఎన్ని బస్తాలు తెచ్చిపెట్టిందో నాకు తెలుసు. అతనికి నేనిచ్చే జీతం దాని ముందు ఎంత తక్కువో కూడా తెలుసు.

అతని చిన్నకొడుకు అక్రమ్. కాంటా పక్కన ఆడుకుంటూ పెరిగినవాడే, కానీ కాంటా పట్టలేదు. కంప్యూటర్ పని నేర్చుకుని పెర్కిట్‌లో రోడ్డు మీదనే చిన్న షట్టరు కిరాయికి తీసుకున్నాడు. ఎవరికి ఎలాంటి కంప్యూటర్ కావాలంటే అలాంటిది, సామాన్లు తెచ్చి బిగించి ఇస్తాడు. 

నా కూతురు వినీత ఇండ్ల ప్లాన్లు గీస్తుంది. అంకాపూర్‌లో ఇప్పుడు కట్టేవన్నీ పెద్ద ఇండ్లే. కట్టకముందే ఇల్లంతా తిరిగి చూసినట్టు బొమ్మలో చూపించాలి. దానికి పాత కంప్యూటర్ చాలడం లేదంది. అక్రమ్‌ను పిలిచి అడిగాను. కాగితం మీద ఒక్కొక్క వస్తువు పేరు, ధర రాసి లక్షా ముప్పై ఆరు వేలన్నాడు. ఇంకొక చోట అడిగితే లక్షన్నర చెప్పారు. బేరం చేయలేదు. చేయకపోవడం నాకు అలవాటు లేదు కాబట్టి ఆ సంగతి గుర్తుంది.

జనవరిలో ఒక శుక్రవారం పొద్దున తెచ్చి బిగించాడు. పక్కన అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు. వినీత అంకాపూర్‌లో పని మీద ఉంది. అక్రమ్ నన్ను పిలిచి, బిల్లు చేతిలో పెట్టి, స్క్రీన్ మీద ఒక్కొక్కటి చూపించబోయాడు. నేను మహారాష్ట్ర బేరగాడితో ఫోన్‌లో ఉన్నాను. సరే సరే అని చెయ్యి ఊపాను. మెమరీ ముప్పై రెండు ఉందని ఏదో అన్నాడు. అతను అంతా ఆపేసి జుమ్మా నమాజుకు పోయాడు, వినీత వచ్చాక తన చేత్తోనే ఆన్ చేసుకోమని చెప్పి.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కొత్త కాంటా వస్తే ఆ ఏటి కొత్త పసుపు తడిపి బొట్టు పెట్టకుండా మొదటి తూకం వేయం. పెట్టిన పసుపును తుడవం, ఎండి రాలేదాకా ఉండాల్సిందే. లక్షా ముప్పై ఆరు వేల వస్తువు ఇంటికి వస్తే ఊరుకుంటానా. నా భార్య లక్ష్మీబాయి గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది. ఆమె చెయ్యి నీళ్ల దగ్గర ధారాళం, కాస్త పలచగా అయింది. బయట మూడు బొట్లు పెట్టాను. కాంటాకైతే బొట్టు తూకం పడే చోట పెట్టాలి. దీనికి తూకం పడే చోటు లోపలే కదా అని అద్దం తలుపు తీశాను. రెండు పట్టీలు నిలువుగా పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. అందులో లోపలి దానికి వేలితో అద్దాను. వేలి కొస నుంచి ఒక చుక్క జారి కింది సందులోకి దిగింది. తుడుద్దామనిపించింది. పెట్టిన పసుపు తుడవకూడదు కదా. తలుపు మూసేశాను.

సాయంత్రం వినీత ఆన్ చేసింది. పని చేసింది. బయటి బొట్లు చూసి నవ్వింది. లోపలి దాని సంగతి నేను చెప్పలేదు, చెప్పాలని తోచలేదు.

మార్చిలో, పసుపు వరదలా వస్తున్న రోజుల్లో, పెద్ద బొమ్మ తెరిస్తే కంప్యూటర్ ఆగిపోతోందని వినీత చెప్పింది. అదే వారం నా చెల్లెలి కొడుకు లోకేశ్ ఒక పెండ్లికి వచ్చాడు. నిజామాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఇంత ఖరీదు పెట్టినప్పుడు బిల్లులో ఉన్నవి లోపల ఉన్నాయో లేవో చూసుకోవద్దా మామా అన్నాడు. ఆ మాట నా వ్యాపారంలో మాటే. బిల్లు తెచ్చి ఇచ్చాను. కూర్చుని స్క్రీన్ మీద ఒక్కొక్కటి తీసి, నాతో బిల్లు చదివించి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టాడు. ప్రాసెసర్ సరిపోయింది. గ్రాఫిక్స్ కార్డు సరిపోయింది. డిస్కు సరిపోయింది. మెమరీ దగ్గర పెన్సిల్ ఆగింది.

“మామా, బిల్లుల ముప్పై రెండు రాసిండు. గిండ్ల పదహారే ఉన్నది.”

అద్దంలోంచి చూస్తే మెమరీ పట్టీలు రెండూ ఉన్నాయి. పదహారువి రెండు పెట్టాల్సిన చోట ఎనిమిదివి రెండు పెట్టి ఉంటాడని లోకేశ్ లెక్క. పైన రేకు తొడుగు ఉంటుంది, బయటికి ఒక్కతీరే కనబడతాయట. తేడా నాలుగున్నర వేలు.

విప్పి చూడమని వినీత అంది. లోకేశ్ విప్పనన్నాడు. తనది సాఫ్ట్‌వేరు, చేయి పెడితే గ్యారంటీ పోతుంది, అయినా స్క్రీన్ మీద వచ్చిన అంకె అబద్ధమాడదు అన్నాడు. నాకు అది కాంటా మీద నిలిచిన అంకెలాగే అనిపించింది.

అక్రమ్‌ను పిలిపించాను. స్క్రీన్ చూపించాను. అతని ముఖం తెల్లబోయింది. దొరికిపోయినందుకు తెల్లబోయిందనుకున్నాను. ఇది అట్లా ఎందుకు చూపిస్తుందో విప్పి చూస్తానని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. మా దగ్గర కట్టుబాటు ఉంది: తగాదా పడ్డ బస్తాను అమ్మినవాడు ముట్టొద్దు. ముట్టనిస్తే మంచి కొమ్ములు కలిపేస్తాడు. ఆ కట్టుబాటు వల్ల నాకు ఏనాడూ నష్టం రాలేదు.

“గయితే నేను ముట్ట చాచా. లోకేశ్ భాయ్‌నే ఇప్పుమనుండ్రి. నేను దూరం నిలబడ్త.”

లోకేశ్ ఫోన్ చూసుకుంటున్నాడు. వినీత మళ్లీ అంది, బాపూ, ఒక్కసారి చూడనియ్యి అని. నేను కూతురి వైపు చూడకుండా అక్రమ్‌తో అన్నాను, “నాలుగున్నర వేలకు ఇమాన్ అమ్ముకుంటివారా?”

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి ఒకే మాట అడిగాడు.

“అబ్బాకు మాత్రం చెప్పకుండ్రి చాచా.”

చెప్పలేదు. అంతకంటే పెద్ద పని చేశాను.

మరునాడు పొద్దున దుకాణంలో నలభై మంది రైతులున్నారు. మహమూద్ జోకుతున్నాడు, చిట్టీలు నా దగ్గరికి వస్తున్నాయి. ప్రతి చిట్టీ మీద ఒక గీత. ఇన్నేండ్లు నాకు ధైర్యంగా కనిపించిన గీత, ఆ పొద్దున గుచ్చుకుంది. కొడుకు నాలుగున్నర వేలు తీస్తే, తండ్రి ముప్పై ఏండ్లలో ఎంత తీసి ఉంటాడని మనసు తనంతట తానే గుణించడం మొదలుపెట్టింది. వ్యాపారి మనసు గుణించడం మొదలుపెడితే ఆపడం కష్టం. హమాలీ రాజమల్లును పిలిచి, జోకి పక్కన పెట్టిన బస్తాల్లోంచి మూడు తెచ్చి మళ్లీ కాంటా మీద పెట్టమన్నాను.

రాజమల్లు నా మాట వినబడనట్టు నిలబడ్డాడు. మళ్లీ చెప్పాను. రైతులు కాంటా వైపు తిరిగారు. మహమూద్ కాంటా పక్కకు జరిగి, చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి బస్తా, సరిగ్గా అంతే. రెండోది, అంతే. మూడోది, అంతే. వంద గ్రాములు కూడా అటూ ఇటూ కాలేదు.

“ఏమైంది సేఠ్?” అని అడిగాడు మహమూద్, మెల్లగా.

“ఇంట్ల ఒక లెక్క తప్పింది. గందుకే అన్ని లెక్కలు సూస్తున్న,” అన్నాను.

సాయంత్రందాకా జోకాడు. ఆ రోజు రెండు వందల పది బస్తాలు. ఆ మూడు చిట్టీల మీద రెండో గీత తనే గీసి ఇచ్చాడు.

ఇంటికి పోయి కొడుకును అడిగి ఉంటాడు, లేదా ఎవరో చెప్పి ఉంటారు. మరునాడు దుకాణం తెరవగానే వచ్చాడు. గల్లాపెట్టె మీద కాంటా గది తాళంచెవి, దాని పక్కన నాలుగున్నర వేలు పెట్టాడు. నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“నా కొడుకు తీసిండో లేదో నాకు తెల్వదు సేఠ్. మీరు తీసిండన్నరు. ఇన్నేండ్లల్ల మీ మాట మీద మళ్లొక మాట అడగలే. గిప్పుడేం అడుగుత.”

ఆ డబ్బు తీసి గల్లాపెట్టెలో వేసుకున్నాను. నిజం చెప్పాలంటే నా లెక్క సరిపోయిందనే అనుకున్నాను. సీజన్ మధ్యలో కాంటా మనిషి పోయాడన్నదే ఆ రోజు నా బాధ.

పెర్కిట్‌లో ఒక కాలేజీ నడిపే పెద్దమనిషి పన్నెండు కంప్యూటర్లు అక్రమ్‌తో చేయించుకుందామని మాట ఇచ్చి ఉన్నాడట. నాకు ఫోన్ చేశాడు, మీకు కూడా వాడే బిగించిండంట కదా, ఎట్లున్నది అని. నేను చెడ్డ మాట ఒక్కటీ అనలేదు. “బిల్లు పట్టుకొని లోపల చూసుకొని తీస్కో” అన్నానంతే. ఆర్మూరు బజారులో అంతకన్నా చెప్పక్కర లేదు. నెల తిరగకముందే పెర్కిట్ షట్టరు మీద కిరాయికి ఇవ్వబడును అని రాసి ఉంది. అక్రమ్ బోధన్‌లో ఎవరిదో సెల్‌ఫోన్ దుకాణంలో జీతానికి కుదిరాడని తెలిసింది. బక్రీదుకు వచ్చి, నమాజు చదివి, తల్లి చేతి అన్నం తిని, తండ్రితో మాట లేకుండానే తిరుగు బస్సెక్కాడని రాజమల్లు చెప్పాడు. తండ్రీ మాట్లాడలేదట. నా మాట మీద కొడుకును దొంగ కింద లెక్క వేసుకుని, ఆ ఇంట్లో ఒక మనిషి నోరు కట్టుకుని కూర్చున్నాడు.

జులైలో వానలు పడ్డాయి. కంప్యూటర్ ఫ్యాను గరగరమంటోందని వినీత నిజామాబాద్ నుంచి రిపేరు మనిషిని పిలిపించింది. సీజన్ దుమ్ము, అంతా పసుపే. అతను అద్దం తలుపు తీసి దుమ్ము ఊదాడు. పట్టీలు ఒక్కొక్కటే ఊడబెరికాడు. లోపలి పట్టీని వెలుతురుకు పెట్టి చూసి నవ్వాడు.

“దీనికి పసుపు ఎవరు పెట్టిండ్రు సార్? దీని పండ్లల్ల అంటుకొని గట్టివడ్డది. ఇన్ని దినాలు ఇది పనిచేసి ఉండదు.”

వినీత నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

అతను పట్టీ మీద రాసింది చదివాడు. పదహారు. రెండోదాని మీదా పదహారు. ఆ పండ్ల మీద పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు, పిల్లలు నోటుబుక్కులో తప్పు చెరిపినట్టు. సందులో బ్రష్షు పెట్టి గీకాడు. పచ్చటి పొడి టేబుల్ మీద రాలింది. తిరిగి పెట్టి ఆన్ చేశాడు. ముప్పై రెండు.

రెండు వందలు తీసుకుని పోయాడు. రెండు వందల పని. మార్చిలో చేయించి ఉంటే కూడా రెండు వందలే.

“గా దినం అక్రమన్న చేతుల స్క్రూడ్రైవర్ ఉండె బాపూ,” అంది వినీత.

ఆ రాత్రి కాదు, ఆ మధ్యాహ్నమే కాగితం తీసుకుని కూర్చున్నాను. నాకు చేతనైంది అదే. నాలుగున్నర వేలు వాపసు. పన్నెండు కంప్యూటర్ల మీద ఒక్కోదానికి రెండున్నర వేలు మిగిలినా ముప్పై వేలు. నాలుగు నెలల షట్టరు కిరాయి ఇరవై. మొత్తం యాభై నాలుగున్నర. అన్నీ కవర్లో పెట్టాను. మహమూద్ డబ్బు తీసుకుంటే మనిషి ముందర లెక్కపెట్టి తీసుకుంటాడు, తప్పుగా అనుకోవద్దు సేఠ్ అంటాడు, ముప్పై ఏండ్లుగా జీతం అలాగే తీసుకున్నాడు. లెక్కపెడతాడు, ఎక్కువ వచ్చిందంటాడు, ఎందుకు ఎక్కువని అడుగుతాడు. అడిగితే నేను చెప్పాల్సింది చెప్పుకోవచ్చు. ఊరికే పోయి తప్పయిందని అనడం నాకు రాదు. అడిగితే చెప్పగలను.

మహమూద్ ఇంటికి పోతే అతని భార్య మదీనా తలుపు తీసింది. సలాం చెప్పి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. మహమూద్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, కండ్లద్దాలు మారాయి. జరిగింది జరిగినట్టు చెప్పాను. పసుపు చుక్క జారడం, తుడవకపోవడం, లోపలి పట్టీ, దాని మీద రాసిన పదహారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. 

మదీనా చాయ్ తెచ్చి పెట్టి తలుపు పక్కన నిలబడింది, మహమూద్ గ్లాసు పక్కకు జరిపాడు.

“నేను వాన్ని ఒక్క మాట గూడ అడగలే సేఠ్. తీసినవారా అని గూడ అడగలే. సేఠ్ అన్నడంటే నిజమే అనుకున్న.”

అక్రమ్‌కు ఫోన్ చేయమన్నాను. నేను చేయలేను, మీరే చేయండి అన్నాడు. చేశాను, ముగ్గురికీ వినబడేటట్టు పెట్టి. పసుపు సంగతి చెప్పి, తప్పు నీది కాదు, నాదేనని అక్రమ్‌తో అన్నాను. అవతల బస్టాండు చప్పుడు.

“నాకెరికే చాచా. నేను పెట్టిన వస్తువు నాకెరిక లేదా,” అన్నాడు. కోపం లేదు. ఉంటే దాని మీద బేరమాడేవాణ్ని. తర్వాత, “అబ్బా ఉన్నడా పక్కకు?” అని అడిగాడు.

ఉన్నాడన్నాను. మహమూద్ ఫోన్ వైపు వంగాడు. నోరు తెరిచాడు.

“బీపీ గోలి టైంకు ఏసుకొమ్మనుండ్రి,” అని అక్రమ్ పెట్టేశాడు.

వంగిన మనిషి మెల్లగా వెనక్కు ఆనుకున్నాడు. మదీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నేను ఆ నిమిషానే అడగాల్సింది కాదు. కానీ నాకు వేరే తోవ తెలియదు. సీజన్‌కు మళ్లీ రమ్మన్నాను, కాంటా అతనిదే అన్నాను. మహమూద్ తల అడ్డంగా ఊపాడు.

“గా దినం సంది నా చెయ్యి మీద నాకే శక్ వట్టింది సేఠ్. మా ఇంట్ల బియ్యం గూడ రెండుసార్లు జోకుతున్న. మీ దుకాణంల రోజు రెండు వందల బస్తాలు. రెండుసార్లు జోకితే ఎప్పుడు ఒడుస్తది?”

కవరు చేతిలో పెట్టాను. లెక్కపెడతాడని చూశాను. పెట్టలేదు. మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. నన్ను గడప దాకా సాగనంపాడు, ఎప్పటిలాగే, చెప్పులు సరిచేసి. నేను చెప్పుకోవాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. దారంతా ఒక సంగతి మాత్రం పట్టుకుని వచ్చాను: నేను అతని బస్తాలు మళ్లీ జోకించినా, అతను నా డబ్బు లెక్కపెట్టలేదు. ఇంకా అంత నమ్మకం ఉందన్న ఆశ.

మూడో రోజు పొద్దున రాజమల్లు ఒక కవరు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు, మహమూద్ భాయ్ ఇయ్యమన్నడని. లోపల యాభై వేలు. నాలుగున్నర ఉంచుకున్నాడు, అది అక్రమ్ తరఫున తను కట్టిన డబ్బే. నోట్లతో పాటు మా దుకాణం పాత తూకం చిట్టీ ఒకటి, వెనక్కి తిప్పి రాసింది. 

యాభై వేలు ఎక్కువ వచ్చినవి. వాపస్.

పక్కన గీత. దాని పక్కన ఇంకొక గీత.